రాయి కొరికి వాన చెప్పే అల్లాబాషా సార్

“మింగేసింది! ఈసారి రాయి కచ్చితంగా మింగేసింది. గొంతులో అడ్డం పడకపోతే కడుపులోకి పోయుంటాది. కడుపులోకి పోతే పేగులో ఇరుక్కుంటాది. పేగులో ఇరుక్కుంటే ఆపరేషనే. రెండున్నరేండ్ల పిల్లకు మత్తుమందు ఎంత ఇస్తారు? మన పాప బరువు పదకొండున్నర కిలోలే కదా!”

ఇదంతా ఒక్క ఊపిరిలో ఫోనులో మా ఆయనతో అన్నాను. ఒక చేతిలో ఫోను, రెండో చేతి చూపుడు వేలు మా శివాని నోట్లో. వేలికి రాయి దొరకలేదు. శివాని పళ్లకు మాత్రం వేలు దొరికింది.

“ఇప్పుడు అరిచిందెవరు? నువ్వా, పాపా?” అన్నాడు మా ఆయన.

“నేనే!”

“అట్లయితే పాప బాగుండాదిలే,” అని ఫోను పెట్టేశాడు.

పిల్లలు రాయి మింగుతారని అందరు తల్లులూ భయపడతారు. కానీ నా భయానికి పేరూ, ఊరూ, ఎదురింటి గుమ్మమూ ఉన్నాయి. మా ఎదురింటి అల్లాబాషా సార్ రాళ్లు కొరుకుతాడు.

ఆయనకున్నది ఈ ఒక్క అలవాటే. ఏ రాయి కనిపించినా అంచు కాస్త విరిచి, ముందు పళ్ల మధ్య పెట్టి, కళ్లు మూసుకుని కొరుకుతాడు. పళ్ల కింద కరకరమంటే అందులో సన్నని ఇసుక ఉన్నట్టు, ఏరు జోరుగా వచ్చినట్టు. వెన్నలా జారితే బంకమన్ను, నీళ్లు కదలకుండా నిలిచినట్టు. అలా ఆ రాయి పుట్టిననాటి ఎండావానా చెప్పేస్తాడు. కొరకడానికి రాయి లేని సందర్భాల్లో, మనుషుల్ని కొరకలేడు కాబట్టి, నోటితోనే అడుగుతాడు: “ఆ పొద్దు వాతావరణం ఎట్లుండె?”

దేనికైనా అదే ప్రశ్న. మోటారు కాలిపోయినా, పెళ్లిచూపులు తప్పిపోయినా, చెనక్కాయ పంట పోయినా, అదే ప్రశ్న. పంట విషయంలో తప్ప మిగతా వాటికి ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు.

సార్ ముప్పై రెండేళ్లు ఒక చమురు కంపెనీలో భూగర్భ శాస్త్రవేత్తగా చేశాడు. అందులోనూ ఆయన పని చమురును వెతకడం కాదు, చమురును కన్న రాయిని వెతకడం. దాన్ని ఆయన ‘తల్లిరాయి’ అంటాడు. రిటైరయ్యాక కడపలో ఇల్లు కట్టుకోమని బంధువులంతా చెప్పినా వినకుండా వేంపల్లెకు వచ్చాడు. ఎవరైనా స్కూలు దగ్గరో, ఆసుపత్రి దగ్గరో ఇల్లు చూసుకుంటారు. ఈయన నూట తొంభై కోట్ల ఏళ్ల నాటి పాచి దగ్గర ఇల్లు చూసుకున్నాడు. వేంపల్లె రాళ్లలో ఆ పాచి పొరలు పొరలుగా, కోసిన క్యాబేజీలా కనిపిస్తుంది.

“భూమ్మీద పురుగు కూడా ల్యాని కాలంలో ఈ పాచి ఉండె. ఇంతకంటే పాత కాపురం ఈ ఊర్లో ఎవురిదుండాది చెప్పు?” అంటాడు.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. వేంపల్లెలోనే ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తాను. మా ఆయన శివశంకర్ నందికొట్కూరులో ఒక విత్తనాల కంపెనీలో పని చేస్తూ శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారి వెళ్తాడు. మిగతా రోజులు పొద్దున తొమ్మిదికి శివానిని ఎదురింట్లో, సార్ భార్య మాబీ పెద్దమ్మ ఒడిలో పెట్టిపోతే, నాలుగున్నరకు తెచ్చుకునేదాన్ని. అంటే నా ఉద్యోగమంతా ఆ ఒడి మీద నిలబడి ఉండేది.

మేం ఈ ఇంట్లో దిగిన రోజే సార్ ప్రతాపం చూశాను. మా ఇంటి ఓనరు శేషన్న కొత్తగా నల్ల కడపరాయి పరిపించి, అందరినీ పిలిచి చూపిస్తున్నాడు. సార్ మోకాళ్ల మీద కూర్చుని, మూలన మిగిలిన ముక్క ఒకటి తీసి కొరికాడు.

“శేషన్నా, నీ రాయి కదలని నీళ్లలో పుట్టిందప్పా.”

“కదలని నీళ్లంటే? గుంతలో నీళ్లా? శానా మంచి గనిలోది సార్ ఇది!”

“గుంత కాదప్పా, సముద్రం. ఆ పొద్దు గాలి ల్యా. అడుగున పాచి కుళ్లకుండా నిలిచిపోయె. అందుకే ఇంత నలుపు.”

“పాచా? మేస్త్రీ పాలిష్ పెట్టి నాలుగు దినాలు కాలేదు, అప్పుడే పాచి యాడిది సార్!”

శేషన్న ఆ సాయంత్రమే ఇల్లంతా ఫినాయిల్ వేసి కడిగించాడు. నాకు మాత్రం ఆ నల్లరాతి మీద నడిచినప్పుడల్లా సముద్రం మీద నడుస్తున్నట్టు ఉండేది. ఆ మాట సార్‌తో అంటే, “జాగ్రత్తమ్మా, లోతెక్కువ,” అన్నాడు.

మాబీ పెద్దమ్మ ముందు మాత్రం ఈ శాస్త్రం సాగేది కాదు. ఒకసారి ఆమె ఊరగాయ జాడీ మూత తీసి తల పట్టుకుంది.

“బూజు పట్టిందమ్మా మధులతా, జాడీడు ఊరగాయ!”

“పెట్టిన పొద్దు వాతావరణం ఎట్లుండె?” లోపల్నుంచి సార్ గొంతు.

“నీ మొగం మాదిరుండె!”

“అట్లంటే మబ్బుగా ఉండెనా? సరే, నూనె పైకి తేలిందా, ల్యా?”

“తేలల్యా. తక్కువ పోసినా.”

ఇక సార్ వంటింటి గడపలో కూలబడి నా వైపు తిరిగాడు. “చూడమ్మా. పైన నూనె నిలిస్తే లోపలికి గాలి పోదు. గాలి పోకుంటే కాయ కుళ్లదు. తల్లిరాయి కతా ఇదే. భూమి వెచ్చగా ఉన్న కాలంలో ధ్రువాల్లో మంచు ల్యాకపాయె. సముద్రం పొంగి నేల మీదికెక్కె. వానలకు కొండలరిగి, ఆ సత్తువంతా ఏర్లు తీసకపోయి సముద్రంలో పోసె. పాచి విరగబడి పెరిగె, చచ్చి అడుక్కి పడె. వెచ్చటి నీళ్లలో గాలి తక్కువ కదా, అడుగున కుళ్లేదానికి వీలు ల్యాకపాయె. ఆ నల్లబురద భూమి కింద కోట్ల ఏండ్లు ఉడికి ఉడికి నూనె కక్కె. అదే చలికాలమైతే, ఎండుకాలమైతే, కత ఇంగో రకంగా ఉంటాది. రాయికి పుట్టుక ఇచ్చేది మన్ను కాదమ్మా, వాతావరణం!”

“అంతా బాగుండాది. ఊరగాయనేం చేయల్ల?” అంది పెద్దమ్మ.

“పారెయ్యల్ల.”

పెట్రోలు బంకులో ఆయన మాట ఇంకా విచిత్రం. స్కూటరు ఆపి, “వెచ్చటి సముద్రం రెండు లీటర్లు పొయ్యి నాయనా,” అంటాడు. మొదట్లో బంకులో పనిచేసే భూపేష్ భయపడి మేనేజరును పిలిచాడట. తర్వాత వాడికీ అలవాటైపోయింది. ఒకరోజు నేను సార్ వెనకాల వరుసలో ఉండగా విన్నాను.

“ఈ పొద్దు సముద్రం కావల్లా సార్, సరస్సు కావల్లా?”

“రాజస్థాన్ నూనె వచ్చిందా ఏంది?”

“యాడిదో నాకెట్ల తెలుస్తాది సార్. మీరే చెప్తిరి గదా, ఆ ఎడారి కింద సరస్సు ఉండెనని.”

“ఆరు కోట్ల ఏండ్ల కిందట, నాయనా! నీళ్లు, అడవులు, మొసళ్లు!” సార్ స్కూటరు స్టాండు వేసి చేతులు ఊపడం మొదలుపెట్టాడు. వెనక పదకొండు బండ్లు ఒకేసారి హారను కొట్టాయి. “చూసినావా, ఆరు కోట్ల ఏండ్లు ఆగిన నూనె, వీండ్లు ఆరు నిమిషాలు ఆగలేరు,” అంటూ ఆయన నొచ్చుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంకోసారి మా కాలేజీకి పిలిచాను. ఆ పాపం నాదే. పిల్లలకు పాఠం చెప్పమంటే ఆయన బల్ల మీది చాక్‌పీసు తీసి కొరికాడు. నూట ఇరవై మంది ఒక్కసారి “ఓ!” అన్నారు. ప్రిన్సిపాల్ నారాయణ సార్ సగం లేచి మళ్లీ కూర్చున్నాడు.

“ఇది జిప్సం. ఎండిపోయిన సముద్రం,” అన్నాడు సార్ నోటి చుట్టూ తెల్లగా చేసుకుని. “వానలు ల్యాక, నీళ్లు ఇగిరిపోయి, అడుగున మిగిలింది ఇది. మీ మేడం బోర్డు మీద రాస్తాండేది కెమిస్ట్రీ కాదు, కరువు!”

కరువు గురించి మా పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే శ్రద్ధగా విన్నారు. ముందు వరుసలోని శిరీన్ లేచి అడిగింది: “సార్, ఇప్పుడు కూడా భూమి వేడెక్కుతాండాది కదా. మళ్లా నూనె పుడతాదా?”

“పుట్టొచ్చు పాపా. కోట్ల ఏండ్లు ఓపిక పట్టల్ల. ఆ లోపల మనం ఉన్న నూనె తగలబెట్టుకుంటా, ఇంకా వేడి చేసుకుంటా కూచుంటిమి. పాచికున్న ఓపిక మనకు ల్యా.”

పిల్లలు చప్పట్లు కొట్టారు. నారాయణ సార్ మాత్రం నన్ను పక్కకు పిలిచి, “వచ్చేసారి కొరకని వాండ్లను పిలువమ్మా,” అన్నాడు.

పోయిన డిసెంబరులో ఈ అలవాటుకు అడ్డుకట్ట పడింది. పళ్ల డాక్టరు రెండు పళ్లు పీకి, ఇంకొక్క రాయి నోట్లో పెడితే మిగతావీ పోతాయని చెప్పాడు. సార్ ఆరు నెలలు గమ్మున ఉన్నాడు. రాళ్లు చేత్తో తడిమి, వాసన చూసి, నిట్టూర్చి కింద పెట్టేవాడు. నేను లోలోపల సంతోషించాను. నడిచే పిల్ల పరిగెత్తే పిల్ల అయ్యింది, చూసింది చూసినట్టు చేసే వయసు.

జూన్‌లో కాలేజీ తెరిచారు. ఆ తర్వాత వారం రోజులకే సార్ మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి మరీ దిగజారి. రాళ్లు కూడా కాదు, పూలకుండీలో మన్ను, గోడకు ఊడిన సున్నం పెచ్చు, బలపం ముక్క. ఒక సాయంత్రం నేను గేటు తీసేసరికి సార్, శివాని ఎదురెదురుగా అరుగు మీద కూర్చుని ఉన్నారు. శివాని గుప్పిట్లోది ఆయన అరచేతిలో పోసింది. ఆయన నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, “ఇది పోయిన మంగళారం వాన,” అన్నాడు. శివాని చప్పట్లు కొట్టింది.

అదే వారంలో మా ఇంట్లో, మంచం వెనకాల, శివాని గోడను గోకి నాకుతూ దొరికింది. తర్వాత కుండీ దగ్గర, నోటి చుట్టూ ఎర్రమట్టితో. మొదట్లో చెప్పిన ఫోను కూడా ఆ వారంలోదే. ఇంటర్నెట్‌లో ‘మట్టి తింటే’ అని వెతికాను. నులిపురుగులు, సీసపు విషం, పేగు అడ్డం. ప్రతి పేజీ చివర ‘వెంటనే వైద్యుని సంప్రదించండి’ అని ఉంది. నేను వెంటనే అల్లాబాషా సార్‌ను సంప్రదించాను.

“సార్, మీరు నా బిడ్డకు మట్టి తినేది నేర్పించినారు!”

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, “ఏ మట్టి?” అన్నాడు.

“ఏ మట్టయితే ఏమి సార్!”

“కుండీదా, గోడదా? తేడా ఉంటాదమ్మా...”

“నీ నోట్లో మన్ను పడ, గమ్మునుండయ్యా!” అంది మాబీ పెద్దమ్మ. ఆ తిట్టు ఆయనకు కొత్తగా తగిలేదేమీ కాదు.

“రేపట్నుంచి పాపను పంపను పెద్దమ్మా,” అని శివానిని చంకనేసుకుని వచ్చేశాను. పెద్దమ్మ ఏదో చెప్పబోయింది. సార్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

నాలుగు రోజులు సెలవు పెట్టాను. నారాయణ సార్ ఫోను చేసి, “శనివారానికి వస్తావో రావో చెప్పమ్మా. పాఠాలు ఆగిపోయినాయి. నువ్వు రాకుంటే ఇంగొకరిని చూసుకోవల్ల,” అన్నాడు. మా ఆయన, “రాజీనామా పెట్టి ఈడికి వచ్చెయ్ మధూ,” అన్నాడు. ఆ ఉద్యోగం కోసం నేను మూడేళ్లు ఎదురుచూశాను. కానీ వేంపల్లెలో పిల్లను పెట్టడానికి నాకు ఇంకో ఒడి లేదు. కాగితం తీసుకుని ‘గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి’ వరకు రాసి, కలం పక్కన పెట్టాను.

మూడో రోజు శివాని మళ్లీ గోడ నాకింది. ఎదురింటి వైపు కిటికీ కూడా మూసేశాను కదా, ఇప్పుడు ఎవరిని చూసి నేర్చుకుంటోంది?

నాలుగో రోజు పొద్దున గేటు బయట సార్. చేతిలో ముదురు పచ్చ అట్ట నోటుబుక్కు.

“లోపలికి రానులేమ్మా. ఈడ్నుంచే చెప్పి పోతా.”

“చెప్పండి సార్.”

ఆయన కళ్లద్దాలు సర్దుకుని, కంపెనీలో రిపోర్టు చదివినట్టు చదవడం మొదలుపెట్టాడు. “జూన్ పద్దెనిమిది. పొద్దున పదిన్నర. బలపం ముక్క. నాకిచ్చింది. జూన్ ఇరవై. కుండీ మన్ను. సగం తినింది, సగం నాకిచ్చింది. జూన్ ఇరవైరెండు. గోడ సున్నం. తినకముందే నాకిచ్చింది...” అలా రెండు పేజీలు. “మొత్తం ఇరవైమూడు నమూనాలు. దీంట్లో రాయి ఒక్కటి కూడా ల్యా.”

“అయితే?”

“నన్ను చూసి నేర్చుకోనింటే రాయి కొరకల్ల కదమ్మా? నేనే ఒకసారి గుండ్రాయి చేతిలో పెట్టి చూసినా. పారేసింది. దానికి కావల్సింది మన్ను, సున్నం, బలపం. ఇది అలవాటు కాదు, ఒక రకం ఆకలి. ఒంట్లో ఏందో తక్కువైంటాది. కన్ను కింది రెప్ప చూసినావా? తెల్లగుండాది.” నోటుబుక్కు మూశాడు. “ఇప్పుడు చెప్పు. ఇది మొదులైన పొద్దు, ఇంట్లో వాతావరణం ఎట్లుండె?”

మూడేళ్లలో వందసార్లు విన్న ప్రశ్న. మొదటిసారి జవాబు చెప్పాలనిపించింది.

గేటు పట్టుకుని ఆలోచించాను. ఏప్రిల్ సెలవుల్లో శివానికి చపాతీ ముక్క గొంతులో పట్టింది. రెండు దగ్గులు దగ్గి ఉమ్మేసింది. అది మరిచిపోయింది, నేను మరిచిపోలేదు. ఆ రోజు నుంచి ముద్ద మానిపించి పాలసీసా పట్టాను. పాలైతే అడ్డం పడవు. చిక్కటి ఎనుము పాలు. నేను ఇంట్లో లేనప్పుడు ఏమవుతుందోనని మాబీ పెద్దమ్మకు కూడా గట్టిగా చెప్పాను, ముద్ద పెట్టొద్దని, సీసా మాత్రమే ఇమ్మని. ఆమె ఎన్నోసార్లు గొణిగింది. నేను వినలేదు.

“దినానికి ఎన్ని సీసాలమ్మా?”

“ఐదు సార్. ఒక్కోసారి ఆరు.”

సార్ కళ్లు మూసుకున్నాడు, పళ్ల కింద రాయి ఉన్నప్పటిలాగే. “వాన జాస్తయిందమ్మా,” అన్నాడు.

“అంటే?”

“పాచి పెరగల్లంటే వాన కావల్ల. వాన పడితేనే ఏరు మేత మోసకొస్తాది. అదే వాన అదుపు ల్యాకుండా పడితే, ఏరు మన్ను తెచ్చి గుమ్మరిస్తాది. పాచి పాపం ఉంటాది, కానీ అంత మన్నులో పలచనైపోతాది. అది మామూలు బురదరాయి అవుతాదే కానీ తల్లిరాయి కాదు. తప్పు వానదని కాదు. పాలూ మంచివే. కడుపంతా పాలే ఉంటే ముద్దకు తావు యాడుండాది?” గొంతు తగ్గించాడు. “నేను రాళ్ల డాక్టర్ను. మనుషుల డాక్టరుకు చూపించు. నెత్తురు పరీక్ష చేయమను.”

నేను కెమిస్ట్రీలో గోల్డ్ మెడల్. పాలలో ఇనుము ఎంత తక్కువో, ఉన్న ఇనుమును కూడా కాల్షియం ఎలా అడ్డుకుంటుందో ఏటా జనవరిలో బోర్డు మీద బొమ్మ వేసి చెప్తాను. ఆ బొమ్మ మా వంటింటి దాకా రాలేదు.

మధ్యాహ్నం బస్సుకే కడప వెళ్లాం. పిల్లల డాక్టరు జ్ఞానమణి గారు రిపోర్టు చూసి తల పంకించారు. “హిమోగ్లోబిన్ ఏడూ పాయింట్ ఆరు. పదకొండుండాల. ఇనుము చుక్కలు రాస్తాను. పాలు రెండు గ్లాసులకు మించొద్దు. ముద్ద పెట్టండి, మెత్తగా మెదిపి, మీరు పక్కన కూర్చుని. నెత్తురు పెరిగితే మన్ను దానంతట అదే మానేస్తుంది. ఇంతకూ మీకు అనుమానం ఎట్లా వచ్చింది? చాలామంది భయం చెప్పి, కొట్టి, ఆర్నెల్ల తర్వాత తెస్తారు.”

“నాకు రాలేదు మేడం. మా ఎదురింటి సార్‌కు వచ్చింది.”

“ఆయన డాక్టరా?”

“కాదు. రాళ్లు కొరుకుతారు.”

డాక్టరు గారు కలం కింద పెట్టారు. “ఆయన్ను కూడా ఒకసారి తీసుకురండి. నెత్తురు చూద్దాం.”

శనివారం పొద్దున తొమ్మిదికి శివానిని ఎత్తుకుని ఎదురింటి గేటు తీశాను. చెప్పాలనుకున్న క్షమాపణ బస్సులో మూడుసార్లు వల్లించుకున్నాను, గుమ్మంలో దానికి సందు దొరకలేదు. మాబీ పెద్దమ్మ శివానిని లాక్కుని ముద్దు పెట్టుకుని, నా చేతిలో చుక్కల మందు సీసా చూసి, అంతా అర్థం చేసుకుని మొగుడి మీద పడింది.

“ఇంగనన్నా చెప్తావా, నన్నే చెప్పమంటావా? ఆర్నెల్లు రాయి ముట్టని మనిషి మళ్లా యాల మొదులుపెట్టినాడో తెలుసామ్మా నీకు? మీ పాప కోసం!”

“మాబీ, గమ్మునుండు.”

“నేనుండ. వద్దంటే ఇంగా జాస్తి తింటాదని, దాంతో ఒప్పందం పెట్టుకున్యాడు. ‘ఏం దొరికినా ముందు తాత చూడల్ల, ఆ తర్వాతే నువ్వు’ అని. ఆ పిచ్చిది నిజమనుకోని అన్నీ తెచ్చి ఈయప్పకిచ్చె. ఈయప్ప నోట్లో ఏసుకుంటానే, ‘ఇంగ ల్యా, అయిపాయె’ అని చేతులు చూపిచ్చె. ఇంగో పన్ను కదులుతాండాది. పండ్ల డాక్టరు మాట గాలికి పాయె!”

నాకు అప్పుడు తెలిసింది. నేను నా కూతురికి మట్టి తినడం నేర్పిస్తున్నాడనుకున్న ఆ మనిషి, నా కూతురి వాటా మట్టి తింటున్నాడు.

“ముందే నాతో చెప్పొచ్చు కదా సార్?”

ఆయన తల గోక్కున్నాడు. “చెప్తే నువ్వు భయపడతావు. నువ్వు భయపడితే ఇంగో సీసా జాస్తి పడతాది. పైగా ఇరవై నమూనాలన్నా ల్యాకుండా నోరు తెరిచే అలవాటు నాకు ల్యా. అది నా తప్పేనమ్మా. రాళ్లకు తొందర ల్యా, పిల్లలకుండాది.”

ఏడుస్తానేమోనని పెద్దమ్మ నా వైపు అనుమానంగా చూసింది. నాకు నవ్వొచ్చింది. గేటు దగ్గర నిలబడి ఇరవైమూడు నమూనాలు చదివిన మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ వస్తుంది. ఆ రోజు కాలేజీకి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. నారాయణ సార్ అటెండెన్సు రిజిస్టరు నా వైపు జరిపాడు. సగం రాసిన ఆ కాగితం వెనక శివాని ఇప్పుడు బొమ్మలు వేస్తోంది.

శివాని నెత్తురు రెండు నెలల్లో పది దాటింది. గోడ వైపు చూడడమే మానేసింది. రాగిసంగటి, ఆకుకూర పప్పు, వేళ్లతో చితికి, మీద నిమ్మకాయ పిండుకుని తింటుంది. సార్ కదిలే పన్ను కూడా పోయింది. పళ్ల డాక్టరు ముందు వరుసకు కట్టుడు పళ్లు పెట్టాడు. ఇంటికి రాగానే సార్ వాటితో ఒక నాపరాయి ముక్క కొరికి, చాలాసేపు కళ్లు మూసుకుని, దిగులుగా కళ్లు తెరిచాడు.

“ఏం చెప్పింది సార్ రాయి?”

“ఏం చెప్పల్యామ్మా. ఈ పండ్లకు చదువు ల్యా.”

ఇలాంటి మనిషి ఎదురింట్లో దొరకడానికి నేనేం చేశానో నాకు తెలియదు. చమురు బావులు ఎన్ని ఆయన మాట మీద తవ్వారో, ఎన్నింట్లో నూనె పడిందో నేనెప్పుడూ అడగలేదు. నాకు అక్కర్లేదు కూడా. మా ఇంటి మట్టుకు ఆయన చెప్పిన చోట పడింది.

నా భయం పోయిందని అబద్ధం చెప్పను. పోయిన వారమే శివాని నుదురు వెచ్చగా తగిలింది. ఒకప్పుడైతే థర్మామీటరు ఒక చేతిలో, ఫోను ఒక చేతిలో, వీధిలో ఉండేదాన్ని. ఈసారి చాప పరిచి, ఇద్దరికీ కంచాలు పెట్టి కూర్చున్నాను. నాలుగో ముద్దకు శివాని నా కంచంలోంచి ఊరిబిండి పచ్చడి దొంగిలించింది. ఆరో ముద్దకు చూస్తే జ్వరం తొంభై తొమ్మిది కూడా లేదు. ఇది నేను పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు. సెప్టెంబరులో ఒకరోజు వంటింట్లో నిలబడి, ఫోనులో జబ్బుల గురించి చదువుతూ, చల్లారిన అన్నం రెండు మెతుకులు నోట్లో వేసుకుంటుంటే, గుమ్మంలోంచి చూసిన అల్లాబాషా సార్ చెప్పాడు:

“ఖాళీ కడుపుతో భయపడొద్దమ్మా. ముందు కూచోని, పాపతో పాటు కడుపు నిండా తిను. తిన్యాక కూడా భయమేస్తే నన్ను పిలువు. ఇద్దరం కలిసి భయపడదాం.”